ఎంఎంఆర్ వేయిస్తే ఆటిజం వస్తుందా? పాపకు వచ్చే నెల ఏడాది నిండుతుంది, సలహా కావాలి

ఫ్రిస్కో అమ్మ
అందరికీ నమస్తే. మేము టెక్సస్‌లో, డల్లాస్ దగ్గర ఉంటాం. పాపకు వచ్చే నెల ఏడాది నిండుతుంది, అప్పుడు ఎంఎంఆర్ (తట్టు, గవదబిళ్లలు, రుబెల్లాలకు కలిపి వేసే టీకా) వేయాలని ఇక్కడి పిల్లల డాక్టర్ చెప్పారు. మా ఆడపడుచు కొడుక్కి ఆటిజం ఉంది. ఏడాదిన్నర టీకా వేయించాకే వాడికి మాటలు పోయాయని మా అత్తగారు ఫోన్ చేసినప్పుడల్లా అంటారు. ఇన్నాళ్లూ బాధ కొద్దీ అంటున్నారులే అనుకున్నాను. కానీ 2025 నవంబర్‌లో అమెరికా ప్రభుత్వ ఆరోగ్య సంస్థ సీడీసీ వెబ్‌సైట్‌లోనే మాట మార్చారు. టీకాల వల్ల ఆటిజం రాదు అనడానికి సరైన ఆధారం లేదని ఇప్పుడు అక్కడ రాసి ఉంది. మా ఆయన ఆ పేజీ చూపించి "ఇప్పుడేమంటావ్?" అన్నారు. అప్పటి నుంచి ఒకటే టెన్షన్. తెలిసినవాళ్లు చెప్పండి. ఎగతాళి మాత్రం చేయకండి.

విజయవాడ వాసు
మీ భయంలో తప్పేం లేదు సిస్టర్. అమెరికా లెక్కల ప్రకారమే 2000లో 150 మంది పిల్లల్లో ఒకరికి ఆటిజం. 2022కి వచ్చేసరికి 31 మందిలో ఒకరికి. మా చిన్నప్పుడు ఆ పేరే వినలేదు. ఈ మధ్యలో టీకాలు పెరిగాయి, ఆటిజమూ పెరిగింది. కొన్ని టీకాల్లో పాదరసం కలుపుతారని డాక్టర్లే ఒప్పుకుంటారు. పరిశోధనలకు డబ్బు ఎవరిస్తారో కూడా చూసుకోవాలి కదా. నేను టీకా వద్దనడం లేదు. పాపకు కాస్త వయసు వచ్చేదాకా ఆగితే పోయేదేముంది అంటున్నాను. మా బాబుకు కూడా అందుకే ఇంకా ఆపి ఉంచాం.

వైజాగ్ పిల్లల డాక్టర్
ఫ్రిస్కో అమ్మగారూ, ముందు ఆ పేజీ సంగతి చెప్తాను. ఆ మార్పు వెనక కొత్త పరిశోధన ఏదీ లేదు. అమెరికా ఆరోగ్య మంత్రి రాబర్ట్ ఎఫ్ కెనడీ జూనియర్ అది తానే మార్పించానని న్యూయార్క్ టైమ్స్‌కు చెప్పారు. మంత్రి కాకముందు దాదాపు ఇరవై ఏళ్లుగా ఇదే వాదన చేస్తూ వచ్చిన మనిషి ఆయన. పైన "టీకాల వల్ల ఆటిజం రాదు" అన్న శీర్షిక మాత్రం తీసేయలేదు, పక్కన నక్షత్రం గుర్తు (*) పెట్టి వదిలేశారు. ఎందుకు ఉంచారో అక్కడే రాశారు, సెనేట్ ఆరోగ్య కమిటీ ఛైర్మన్‌కు ఇచ్చిన మాట వల్లట. సైన్స్ మారలేదు, కుర్చీలో మనిషి మారాడు.

ఇక ఈ గొడవ మొదలైంది 1998 ఫిబ్రవరిలో. లండన్ రాయల్ ఫ్రీ ఆసుపత్రిలో పనిచేసే ఆండ్రూ వేక్‌ఫీల్డ్, మరో 12 మంది డాక్టర్లు కలిసి ఎంఎంఆర్‌కు, ఆటిజానికి సంబంధం ఉండొచ్చని లాన్సెట్ అనే వైద్య పత్రికలో ఒక వ్యాసం వేశారు. అందులో పిల్లలు మొత్తం 12 మంది. టీకా వేయని పిల్లలతో పోల్చి చూసింది లేదు. సంబంధం రుజువైందని ఆ వ్యాసంలో కూడా రాయలేదు. అయినా విలేకరుల సమావేశం పెట్టి, ఎంఎంఆర్ ఆపేసి విడివిడిగా టీకాలు వేయాలని వేక్‌ఫీల్డ్ అన్నాడు. బ్రిటన్‌లో సుమారు 92 శాతం పిల్లలు వేయించుకునే టీకా ఐదారేళ్లలో 80 శాతానికి పడిపోయింది.

బ్రయన్ డీర్ అనే జర్నలిస్టు 2004 నుంచి దీన్ని తవ్వుతూ పోయాడు. టీకా కంపెనీల మీద దావా వేయడానికి తయారవుతున్న లాయరు ద్వారా వేక్‌ఫీల్డ్‌కు 4,35,643 పౌండ్ల ఫీజు ముట్టింది. 1997లోనే అతను విడి తట్టు టీకా కోసం పేటెంటుకు దరఖాస్తు పెట్టుకున్నాడు. కొడుకు పుట్టినరోజుకు వచ్చిన పిల్లల చేతిలో 5 పౌండ్లు పెట్టి రక్తం తీయించాడు. ఆ 12 మందిలో ఐదుగురికి ఎదుగుదల సమస్యలు టీకాకు ముందే ఉన్నట్టు ఆసుపత్రి రికార్డుల్లో ఉంది. సంబంధం ఉండొచ్చన్న ఆ సూచనను 2004లో తోటి రచయితల్లో 10 మంది వెనక్కి తీసుకున్నారు. 2010 ఫిబ్రవరిలో లాన్సెట్ ఆ వ్యాసాన్నే రద్దు చేసింది, మే నెలలో అతని పేరును డాక్టర్ల రిజిస్టర్ నుంచి కొట్టేశారు.

వాసు గారూ, డబ్బు ఎవరిచ్చారని అడగడం సరైన ప్రశ్నే. ఆ ప్రశ్న మొదట అడగాల్సింది ఈ మనిషిని.

బోయిన్‌పల్లి అమ్మ
మా వాడికి తొమ్మిదేళ్లు, ఆటిజం ఉంది. ఫ్రిస్కో అమ్మగారూ, మీ అత్తగారిని కోప్పడకండి. మా ఇంట్లోనూ నేరం ఏడాదిన్నర సూది మీదే మోపారు. వాడు "తాత", "అత్త", "బువ్వ" అనేవాడు. ఆ మాటలు పోయాయి. అది మా భ్రమ కాదు, నిజంగానే పోయాయి.

ఆటిజం అని తేలాక మా డాక్టరమ్మ వాడి మొదటి పుట్టినరోజు వీడియో తెమ్మన్నారు. అంటే ఆ సూదికి ఆరు నెలల ముందుది. కేకు ముందు వాణ్ని మా ఒళ్లో కూర్చోబెట్టుకున్నాం. అందరూ చప్పట్లు కొడుతున్నారు. మా మరిది పక్కనే నిలబడి పేరు పెట్టి పిలుస్తున్నాడు, మళ్లీ పిలుస్తున్నాడు, ఇంకా గట్టిగా పిలుస్తున్నాడు. వాడు తల తిప్పలేదు. ఫ్యాన్ గాలికి ఊగుతున్న రంగు కాగితం వైపే చూస్తున్నాడు. వాడి ఈడుదే మా పక్కింటి పాప, ఒక బెలూన్ వైపు వేలు చూపించి వెంటనే వాళ్లమ్మ మొహం చూస్తోంది. మా వాడు ఆ వీడియో మొత్తంలో ఒక్కసారి కూడా వేలు చూపించలేదు. ఆ రోజు అక్కడ అంత మందిమి ఉన్నాం, ఎవరికీ తట్టలేదు. "గంభీరంగా ఉన్నాడు, తాత పోలిక" అనుకున్నాం.

వైజాగ్ పిల్లల డాక్టర్
ఆ వీడియో అడిగిన డాక్టరమ్మకు దండం పెట్టాలి. 1994లో వాషింగ్టన్ విశ్వవిద్యాలయంలో ఓస్టర్లింగ్, డాసన్ అనే ఇద్దరు సరిగ్గా ఇదే చేశారు. తర్వాత ఆటిజం తేలిన పిల్లల మొదటి పుట్టినరోజు వీడియోలు, మామూలు పిల్లలవి తెప్పించి, ఎవరెవరో చెప్పకుండా పరిశీలకులకు చూపించారు. మనుషుల మొహం చూడటం, పేరు పిలిస్తే తిరగడం, వేలు చూపించడం, వస్తువు తెచ్చి చూపించడం. ఈ నాలుగు గమనిస్తే చాలు, చాలా మందిని విడదీయగలిగారు.

2013లో ఇంకా ముందుకు వెళ్లారు. కళ్ల కదలికలు కొలిచే పరికరంతో చూస్తే, తర్వాత ఆటిజం తేలిన పిల్లల్లో ఎదుటివారి కళ్లలోకి చూడటం రెండో నెల నుంచి ఆరో నెల మధ్యలోనే తగ్గుతూ వచ్చింది. ఎంఎంఆర్ వేసే వయసుకు చాలా ముందు. అయిదు దేశాల్లో ఇరవై లక్షల మంది పిల్లల రికార్డులతో 2019లో చేసిన లెక్కలో ఆటిజం రావడానికి దాదాపు 80 శాతం వాటా జన్యువులదే అని తేలింది.

ఒంగోలు లెక్కల మాస్టారు
వాసు బాబూ, "టీకా వేశాకే మాటలు పోయాయి" అన్న మాటను ఒకసారి లెక్కగా చూద్దాం. మన దేశంలో ఒక ఏడాది 2 కోట్ల మంది పిల్లలు రెండో డోసు వేయించుకున్నారనుకుందాం. వందలో ఒకరికి ఆటిజం ఉందనుకుందాం. అంటే 2 లక్షల మంది. వాళ్ల తల్లిదండ్రులు తేడాను మొదటిసారి గుర్తించేది ఒకటో పుట్టినరోజుకు, రెండో పుట్టినరోజుకు మధ్య ఏదో ఒక వారంలో అనుకుందాం. 2 లక్షలను 52 వారాలతో భాగిస్తే దాదాపు 4 వేలు. అంటే టీకాకు ఏ పాపం తెలియకపోయినా, కేవలం తేదీలు కలిసినందువల్లే 4 వేల ఇళ్లలో "ఆ వారమే వేయించాం, ఆ వారమే మొదలైంది" అంటారు. వాళ్లలో ఒక్కరూ అబద్ధం ఆడటం లేదు. అందుకే ఒక ఇంటి అనుభవంతో ఇది తేలదు, వేసినవాళ్లను వేయనివాళ్లతో పక్కపక్కన పెట్టి చూడాలి.

ఆ పని డెన్మార్క్ చేసింది. అక్కడ ప్రతి పిల్లవాడి టీకా వివరం, జబ్బు వివరం ప్రభుత్వ రిజిస్టర్లలో ఉంటాయి. 1999 నుంచి 2010 దాకా పుట్టిన 6,57,461 మంది పిల్లలను చూశారు. 6,517 మందికి ఆటిజం తేలింది. ఎంఎంఆర్ వేయించుకున్నవారిలో ఎక్కువేమీ లేదు. అన్నకో అక్కకో ఆటిజం ఉన్న పిల్లలను విడిగా చూసినా లేదు. అమెరికాలో కూడా 95,727 మందితో 2015లో ఇదే చూశారు, అక్కడా లేదు. ఫ్రిస్కో అమ్మా, మీ ఇంటి పరిస్థితికి దగ్గరగా ఉన్నవి ఈ లెక్కలే, ఇవి చదువుకో తల్లీ.

జపాన్‌లో అయితే 1993లో ఎంఎంఆర్ పూర్తిగా ఆపేశారు. ఆ తర్వాత కూడా యొకొహామాలో ఆటిజం కేసులు పెరుగుతూనే పోయాయి.

విజయవాడ వాసు
మాస్టారూ, లెక్క అర్థమైంది. మరి జపాన్ ఎందుకు ఆపింది? ఏదో ఉంటేనే కదా. అమెరికాలో టీకా కోర్టు అని ఒకటి పెట్టి పరిహారాలు కూడా ఇస్తున్నారు. పాదరసం సంగతి ఎవరూ చెప్పలేదు. 150లో ఒకరు 31లో ఒకరు ఎలా అయ్యారో కూడా చెప్పలేదు. పెద్దలు కోప్పడకుండా చెప్తే వింటాను.

బాచుపల్లి కెమిస్ట్
పాదరసం గురించి నేను చెప్తాను, నా పని మందుల క్వాలిటీ కంట్రోల్‌లోనే. థయోమెర్సాల్ అనేది పది మందికి వేసే సీసాలో సూది పదే పదే గుచ్చినప్పుడు క్రిములు పెరగకుండా కలిపే పదార్థం. అందులో ఉండేది ఇథైల్ పాదరసం. చేపల్లో పేరుకునే మిథైల్ పాదరసం వేరు, అది ఒంట్లో చాలా రోజులు నిలుస్తుంది. ఇథైల్ త్వరగా బయటికి పోతుంది. అసలు విషయం ఏమిటంటే ఎంఆర్ (తట్టు, రుబెల్లాలకు మాత్రమే వేసేది), ఎంఎంఆర్ టీకాల్లో థయోమెర్సాల్ ఎప్పుడూ లేదు, ఉండకూడదు కూడా. అవి బతికున్న బలహీన వైరస్‌తో చేసేవి. థయోమెర్సాల్ కలిపితే టీకా పనికిరాకుండా పోతుంది. ఐదు జబ్బులకు కలిపి వేసే మన పెంటావలెంట్ లాంటి వాటిలో ఉంటుంది. అమెరికాలో చిన్నపిల్లల టీకాల్లోంచి 2001కల్లా దాదాపుగా తీసేశారు. డెన్మార్క్ 1992లోనే ఆపేసింది. రెండు చోట్లా ఆ తర్వాత కూడా ఆటిజం లెక్కలు పైకే పోయాయి. కారణం అదే అయితే దిగాలి కదండీ.

పాదరసం వాదన నిలవకపోయేసరికి ఇప్పుడు, కొన్ని టీకాలు బాగా పనిచేయడానికి కలిపే అల్యూమినియం అంటున్నారు. దాన్ని కూడా డెన్మార్క్‌లోనే 12 లక్షల మంది పిల్లల్లో చూసి 2025 జులైలో ప్రచురించారు. సంబంధం కనిపించలేదు.

వైజాగ్ పిల్లల డాక్టర్
వాసు గారి మిగతా ప్రశ్నలు. జపాన్ ఆపింది ఆటిజం వల్ల కాదు. అక్కడి టీకాలో గవదబిళ్లల వైరస్ ఉరాబే రకానిది. దాని వల్ల కొందరు పిల్లలకు మెదడు పొరల వాపు వచ్చింది. నిజమైన హాని, వెతికితే దొరికింది, ఆపేశారు. ఇప్పుడు మనం వాడేది ఆ రకం కాదు. టీకాల వల్ల ఏ హానీ జరగదని నేనెప్పుడూ చెప్పను. ఎంఎంఆర్ వేశాక వారం నుంచి పన్నెండు రోజుల మధ్య జ్వరం రావచ్చు. మూడు నాలుగు వేల డోసుల్లో ఒకరికి జ్వరంతో ఫిట్స్ రావచ్చు. అరుదుగా ప్లేట్‌లెట్లు తగ్గుతాయి. అవి ఉన్నాయని పరిశోధనలే పట్టుకున్నాయి. అంత చిన్న సంఖ్యను పట్టుకున్న లెక్కలకు ఆటిజం మాత్రం కనబడకుండా పోతుందా?

టీకా కోర్టులో ఆటిజం పేరుతో 5 వేలకు పైగా అర్జీలు వచ్చాయి. కొన్నింటిని నమూనాగా తీసుకుని విచారించి, ఎంఎంఆర్ మీద 2009లో, పాదరసం మీద 2010లో తీర్పులిచ్చారు. రెండింటిలోనూ సంబంధం లేదన్నారు.

సంఖ్య పెరగడం గురించి. 1980 దాకా అమెరికా మానసిక వైద్యులు జబ్బులను గుర్తించడానికి వాడే పుస్తకంలో ఆటిజానికి విడిగా స్థానమే లేదు. 1994లో ఆస్పర్గర్స్ అనే తేలికపాటి రకాన్ని చేర్చారు, 2013లో అన్నీ కలిపి ఆటిజం స్పెక్ట్రమ్ అనే ఒకే పేరు కిందికి తెచ్చారు. మా చదువు రోజుల్లో "మందబుద్ధి" అని రాసేసిన పిల్లల్లో చాలా మందికి ఇవాళ నేనే ఆటిజం అని రాస్తున్నాను. మాటలు బాగా వచ్చి, చదువుకుంటూ, మనుషులతో మాత్రం కలవలేని పిల్లలకు అప్పట్లో ఏ పేరూ లేదు. పెరుగుదల మొత్తం ఇదేనని నేననను. లేటు వయసు తల్లిదండ్రులు, నెలలు నిండకుండా పుట్టి బతికి బయటపడుతున్న పిల్లలు, ఇవీ ఉన్నాయి.

ఇంకో మాట చెప్పాలి. ఎంఎంఆర్‌లో చివరి అక్షరం రుబెల్లాది. 1964లో అమెరికాలో రుబెల్లా పెద్ద ఎత్తున వచ్చింది. కడుపుతో ఉన్నప్పుడు అది సోకిన తల్లులకు పుట్టిన పిల్లల్లో ఆటిజం మామూలు కన్నా చాలా ఎక్కువగా ఉందని న్యూయార్క్ డాక్టర్ స్టెల్లా చెస్ 1971లో చూపించారు. అంటే ఆటిజానికి కారణమైన ఒక జబ్బును ఈ టీకా అడ్డుకుంటుంది.

మినియాపొలిస్ మనిషి
మా ఊళ్లో జరిగింది చెప్తాను, వలస వచ్చిన మనలాంటివాళ్లు వినాలి. ఇక్కడ అమెరికాలోని మినియాపొలిస్‌లో సోమాలీలు, అంటే ఆఫ్రికాలోని సోమాలియా నుంచి వచ్చినవాళ్లు ఎక్కువ. తమ పిల్లల్లో ఆటిజం ఎక్కువగా ఉందని 2008 ప్రాంతంలో వాళ్లకు భయం పట్టుకుంది. ఎందుకో ఎవరూ సరిగ్గా జవాబు చెప్పలేదు. ఆ ఖాళీలోకి టీకా వ్యతిరేకులు వచ్చారు. వేక్‌ఫీల్డ్ స్వయంగా వచ్చి ఆ తల్లిదండ్రులతో మాట్లాడి వెళ్లాడు. 2004లో 92 శాతం సోమాలీ పిల్లలు ఎంఎంఆర్ వేయించుకునేవారు, 2014కి అది 42 శాతం. 2017లో తట్టు వచ్చింది. 75 మందికి సోకింది, ఎక్కువ మంది ఆ పిల్లలే. ఆటిజం ఏమైనా తగ్గిందా? లేదు. మన వాట్సాప్ గ్రూపుల్లో ఇప్పుడు తిరుగుతున్న వీడియోలు అవే మాటలు తెలుగులో చెప్తున్నాయి.

నెల్లూరు తాతగారు
నాకు డెబ్బై ఆరు. మీరంతా తట్టు, తట్టు అంటున్నారు, చూసినవాళ్లు ఎంతమంది? మా చిన్నప్పుడు "అమ్మవారు పోసింది" అని గుమ్మానికి వేపమండ కట్టేవారు. మందు వేయకూడదు, తాళింపు పెట్టకూడదు. మా చెల్లెలికి ఒళ్లంతా ఎర్రగా పేలింది, కళ్లు తెరవలేకపోయింది, తర్వాత రొమ్ము పట్టేసి ఊపిరాడలేదు. మూడేళ్ల పిల్ల. మా అమ్మ ఆ తర్వాత ఎవరింట్లో తట్టు అన్నా ఆ వీధిలోకి వెళ్లేది కాదు. కాస్త ఆగితే పోయేదేముంది అంటున్నావు నాయనా వాసూ, పోయేది అదే.

ప్లేనో ప్రసాద్
తాతగారికి నమస్కారం. మా టెక్సస్‌లోనే 2025లో గెయిన్స్ కౌంటీ దగ్గర మొదలై 762 కేసులు వచ్చాయి, బడికి వెళ్లే వయసు పిల్లలు ఇద్దరు చనిపోయారు. ఇద్దరికీ టీకా లేదు. ఫ్రిస్కో అమ్మగారూ, పాపతో ఇండియా ప్రయాణం ఉంటే ఇంకా ముఖ్యం. ప్రయాణం ఉన్న పిల్లలకు ఆరు నెలలు నిండాక ఒక డోసు ముందే వేస్తారు. అది అదనపు డోసు, ఏడాది తర్వాత వేయాల్సినవి మళ్లీ వేయించాలి.

నేనే ఆ మనిషిని
ఇంతసేపు చదివాను. నాకు 27. ఆటిజం ఉంది. హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ టెస్టింగ్‌లో పని చేస్తున్నాను. గట్టి శబ్దాలు భరించలేను, ఫోన్‌లో మాట్లాడలేను, రాయడం బాగా వచ్చు. టీకా వల్ల ఆటిజం రాదు అని మీరంతా రుజువు చేస్తున్నారు, మంచిది. కానీ ఈ చర్చ ఎక్కడ జరిగినా నాకు వినిపించేది ఒకటే: పిల్లవాడికి తట్టు వచ్చి చచ్చిపోయినా సరే, నాలా మాత్రం కాకూడదు. నా ముందు ఆ మాట ఎవరూ ఇంత సూటిగా అనరు. టీకా ఆపినవాళ్లు చేసే ఎంపిక మాత్రం అదే.

బోయిన్‌పల్లి అమ్మ
తమ్ముడూ, నీ మాట చదివి కాసేపు ఏమీ రాయలేకపోయాను. పెళ్లిళ్లలో, బడి గేటు దగ్గర నా కొడుకును చూసి "వీడికి టీకా పడలేదట" అని చెవుల్లో చెప్పుకుంటారు. వాణ్ని ప్రమాద హెచ్చరిక బోర్డులా చూస్తారు. వాడు బొమ్మలు గీస్తాడు, మెట్రో స్టేషన్ల పేర్లన్నీ వరసగా చెప్తాడు, ఆకలేస్తే నా చెయ్యి పట్టుకుని వంటింటికి తీసుకెళ్తాడు. పాతికేళ్లకు పైగా టీకా మీద ఖర్చు పెట్టిన ఈ వాదనలో సగం మా పిల్లలకు స్పీచ్ థెరపిస్టులు ఎందుకు దొరకడం లేదన్న దాని మీద పెట్టి ఉంటే! జిల్లాల్లో తల్లులు వారానికోసారి బస్సెక్కి హైదరాబాద్ వస్తున్నారు థెరపీకి. దాని గురించి వీడియోలు రావు.

హొసూరు నాన్న
అక్కా, వీడియోలు చేసేవాళ్లే తర్వాత మందులు అమ్ముతారు. టీకా విషం ఒంట్లోంచి లాగేస్తామని మమ్మల్నీ ఒకరు పట్టుకున్నారు. కీలేషన్ అట. ఇంకో చోట స్టెమ్ సెల్స్, లక్షల్లో అడిగారు, సగం ముందే కట్టాలన్నారు. మా పిల్లల డాక్టర్ వద్దని గట్టిగా చెప్పబట్టి ఆగాం. 2005లో పెన్సిల్వేనియాలో అయిదేళ్ల పిల్లవాడు ఆ కీలేషన్ ఎక్కిస్తుండగానే చనిపోయాడు. మన నేషనల్ మెడికల్ కమిషన్ 2022లోనే ఆటిజానికి స్టెమ్ సెల్స్ సిఫారసు చేయబోమని చెప్పింది. సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లో ఇలాంటి పిల్లల కోసం ఎన్‌ఐఈపీఐడీ అనే కేంద్ర ప్రభుత్వ సంస్థ ఉంది, ముందు అక్కడికి వెళ్లండి. జిల్లా ఆసుపత్రిలో డీఈఐసీ (పిల్లల ఎదుగుదల సమస్యలను ముందే గుర్తించి చూసే కేంద్రం) ఉందేమో కనుక్కోండి. యూడీఐడీ (వికలాంగుల గుర్తింపు) కార్డు చేయించి కేంద్ర ప్రభుత్వ నిరామయ ఆరోగ్య బీమాలో చేర్పించండి, ఏడాదికి లక్ష దాకా వస్తుంది, థెరపీ ఖర్చుకూ కొంత వాడుకోవచ్చు.

ఫ్రిస్కో అమ్మ
అందరికీ చాలా థ్యాంక్స్. డాక్టర్ గారూ, ఒక్క సందేహం. మూడూ కలిపి కాకుండా విడివిడిగా వేయించవచ్చా? లేదంటే రెండేళ్లు వచ్చాక?

వైజాగ్ పిల్లల డాక్టర్
అమెరికాలో విడి టీకాలు 2009 నుంచి తయారు చేయడం లేదమ్మా. ఆగితే మేలు జరుగుతుందన్నది కూడా తప్పు. మొదటి డోసు పదిహేను నెలలు దాటాక వేస్తే జ్వరం ఫిట్స్ అవకాశం పెరుగుతుంది, తగ్గదు. మీరు అడగాల్సింది ఒకటుంది: ఆటలమ్మ టీకా కూడా కలిపిన నాలుగు జబ్బుల టీకా కాకుండా, ఎంఎంఆర్ ఒక సూది, ఆటలమ్మది ఇంకో సూది ఇమ్మనండి. మొదటి డోసుకు జ్వరం ఫిట్స్ అలా తక్కువ.

విజయవాడ వాసు
కంపెనీల మీద నా అనుమానం అలాగే ఉంది, దాచుకోను. కానీ తాతగారి మాట, ఆ తమ్ముడి మాట మనసులోంచి పోవడం లేదు. మా బాబుకు పదకొండో నెల, తొమ్మిదో నెల ఎంఆర్ ఆపి ఉంచాం. ఈ బుధవారం మా సచివాలయం దగ్గర ఏఎన్‌ఎం వస్తారు. వేయించాలంటే ఏం చూసుకోవాలి డాక్టర్ గారూ?

వైజాగ్ పిల్లల డాక్టర్
బుధవారమే వేయించండి, పన్నెండో నెల దాకా లాగకండి. ఎంఆర్ పొడి రూపంలో వస్తుంది, అక్కడే ద్రావకంతో కలుపుతారు. కలిపిన టైమ్ సీసా మీద రాసి ఉండాలి, నాలుగు గంటలు దాటితే వేయించుకోవద్దు. పొడికి, ద్రావకానికి రెండింటికీ ఎక్స్‌పైరీ తేదీ చూపించమనండి, వాళ్లు ఏమీ అనుకోరు. టీకా వేడికి పాడైందో లేదో తెలిపే చిన్న చతురస్రం సీసా మీద ఉంటుంది, అది దాని చుట్టూ ఉన్న వలయం కన్నా లేత రంగులో ఉండాలి. వేశాక అరగంట అక్కడే కూర్చోండి. కార్డులో తేదీ రాయించుకోండి. రెండో డోసు పదహారో నెల నిండాక. వారం తర్వాత జ్వరం వస్తే బరువును బట్టి పారాసిటమాల్ సిరప్, ఎంత ఎంఎల్ అన్నది ఏఎన్‌ఎంనే అడిగి కార్డు వెనక రాయించుకోండి.